రెండో శనివారం

నోటుబుక్కులో గీతలు గీశాను:
తేదీ, విషయం, వక్త, సమోసాలు.
సమోసాల గడి ఒక్కటే
ప్రతిసారీ ముందే నిండుతుంది.

పోయిన నెల మాధాపూర్ నుంచి వచ్చినాయన
అరవై నాలుగు స్లైడ్లు చూపించాడు.
క్లౌడ్ అన్నప్పుడల్లా సీలింగు వైపు చెయ్యెత్తాడు.
విఠోబా గారు తలెత్తి చూసి చూసి
ఫ్యాను కింది కుర్చీలోకి మారి నిద్రపోయారు.
వందన సమర్పణ నేనే చేశాను,
శాలువా మడతల్లో ఆవలింత దాచుకుని.

ఈసారి
చిక్కడపల్లి సందులో, మెట్ల కింద
డీటీపీ చేసే జుబేదాని అడిగాను.
"నేనేం మాట్లాడతా మేడమ్, నాకు కొట్టుడే వస్తది."
అదే కొట్టి చూపించమన్నాను.

చంకలో కీబోర్డు పెట్టుకుని వచ్చింది.
మీటల మీద ఒక్క అక్షరమూ లేదు,
ఇరవై ఏళ్ల శుభలేఖలకు అరిగిపోయాయి.
ఇంట్లో ఉర్దూ, వేళ్లలో తెలుగు.
ఒకసారి విందు కాస్తా మందు అయిందట,
నాలుగొందల కార్డులు పంచాక గాని తెలీలేదట.
"జనం మస్తు వచ్చిండ్రు" అంది, నవ్వకుండా.

కుర్చీల వరస ఎప్పుడు చెదిరిందో!
విఠోబా గారు ముందుకొచ్చి నిలబడ్డారు:
"మా ఆవిడ జ్ఞానేశ్వరి. ఆ జ్ఞ ఎక్కడుంటుందమ్మా?"
జుబేదా కిందికి చూడనైనా చూడకుండా
ఆయన వేలు పట్టుకుని
మూడు చోట్ల నొక్కించింది.

వాచ్‌మన్ తాళాలు రెండోసారి ఆడించాడు.
సమోసాలు చల్లారి కాగితానికి అంటుకున్నాయి.

వచ్చే నెల గడిలో పేరింకా రాయలేదు.
విఠోబా గారినే అడగాలి,
ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో
అన్ని తీగల మధ్య
ఏది ఎవరింటిదో ఎలా తెలిసేదని.