ఏటవాలు గంటు

మనామా పాతబజారు వెనక సందుల
ఒక పాత ఇంటికి లప్పం పెడుతున్న.
గోడలన్నీ అయినయి. దర్వాజ మిగిలింది.
కుడిదిక్కు చెక్కకు, భుజమెత్తున,
వేలెడంత గంటు.
నిలువు గాదు, అడ్డం గాదు, ఏటవాలుగ.
పైనొక మొల రంధ్రం, కింద విరిగిన మొల.

చెదలేమో అనుకున్న.
చెదలు ఇంత సాపుగ తినదు.

తాపీ లేపంగనే
"ఠహరో" అన్నడు ఎదురింటి ముసలాయన,
హాజీ మన్సూర్.
"అది పూడ్చకు."

ఆయన హిందీ సగం, నా హిందీ సగం,
రెండు కలిపితే ఒక కథకు సరిపోయింది.

బట్టల కొట్టు మెనాషీది ఈ ఇల్లు.
ఆ గంటుల చిన్న వెండి గొట్టం,
గొట్టంల చుట్టిన తోలుకాగితం,
దాని మీద దేవుని మాట.
బయటికి పోతూ ముట్టేది, లోపటికొస్తూ ముట్టేది,
ముట్టిన వేళ్ళను ముద్దు పెట్టుకునేది
మెనాషీ బిడ్డ గుర్జియ.
మన్సూర్‌కు అందకపోతే ఎత్తి పట్టేది.

ఎక్కడో యుద్ధం. ఎడారికి అవతల.
ఇక్కడ మా సందుల రాళ్ళు లేచినయి, అన్నడు.
ఆ రాత్రి వాళ్ళు ఏడుగురు
మన్సూర్ వాళ్ళ వంటింట్ల, బియ్యం బస్తాల వెనక.
వాళ్ళమ్మ గడపకు అడ్డం కూసుండి
తెల్లారేదాక చేపలు తోమింది.
చేపలు అయిపోతే
తోమినయే మళ్ళ తోమింది.

రెండేండ్లకు కాగితాలొచ్చినయి.
పోవుడుకే రాసిన కాగితాలు. వచ్చుడు మాట లేదు దాంట్ల.
నా పాస్‌పోర్టు కఫీలు బీరువల ఉన్నది,
నాకు వచ్చుడే అయింది, పోవుడు ఆయన చేతుల.
ఈ మాట హాజీకి చెప్పలే.

కుట్టు మిషను ఎవరికో, నిలువుటద్దం ఎవరికో,
పన్నీటి బుడ్డి మన్సూర్ వాళ్ళమ్మకు.
గొట్టం ఒక్కటే మెనాషీ పీకి జేబులేసుకున్నడు.
చెయ్యి వణికి కింది మొల విరిగింది.

బొంబాయి మీదుగ ఒకటే ఉత్తరం వచ్చిందట.
గుర్జియ రాసింది:
గుడారం ఇచ్చిన్రు. వాన లోపటికే వస్తది.
దర్వాజ లేని ఇంట్ల గొట్టం ఎక్కడ కొట్టాలె?
నాయిన గుంజకు తాడుతోని కట్టిండు,
గాలికి టకటక కొట్టుకుంటది,
ఎవరో వచ్చిన్రని అమ్మ లేస్తది.

హాజీ ఊకున్నడు. చాయ్ తెప్పిచ్చిండు.
ఆ ఉత్తరానికి జవాబు
రాసిండా అని నేనడగలే.

మాపటికి మేస్త్రి వచ్చి చెక్క తడిమిండు.
"ఇది మర్చిపోయినవా?"
"లే" అన్న.
సన్న బ్రష్షు వెతుక్కొని
గంటు లోపట కూడా రంగు వేసిన,
విరిగిన మొలకు అంటకుండ.