ఇంకా

గుంటూరు మిర్చియార్డు నుంచి నేరుగా బడికొచ్చింది హుస్సేన్‌బీ.
ఆమెకంటే ముందు ఘాటొచ్చింది.
తొమ్మిదో తరగతి మొత్తం తుమ్మింది.

కొత్త ప్రోగ్రెస్ కాగితం చేతికిచ్చాను.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"మార్కులేయి సారూ? మావాడు పాసేనా?"

మార్కుల్లేవమ్మా అని చదివాను:
భిన్నాలు కూడగలడు.
సమీకరణం రాయగలడు, సాధించడానికి సాయం కావాలి.
సరూప త్రిభుజాలు – ఇంకా.

"ఇంకా అంటే?"

జులైలో నాలుగు, డిసెంబరులో పంతొమ్మిది.
రెండూ కలిపి సగం చేసి
నాగుల్‌మీరాకి పదకొండున్నర అని పేరు పెట్టేవాణ్ణి,
పద్దెనిమిదేళ్లుగా ఇదే పని.
ఆ పదకొండున్నర అనేవాడు
ఒక్కరోజైనా బడికి రాలేదు.

నవ్వింది.
"జులైలో నారు కదా సారూ,
నారుని తూచి కాయకి ధర కడతారా ఎవరన్నా?"
ఎర్రబారిన వేళ్లమీద తనే లెక్కపెట్టింది:
రంగు వేరే చూస్తారు, తేమ వేరే,
తాలు వేరే ఏరతాం మేము,
కాయ విరిచి గింజ కూడా చూస్తారు.

అర్థమయ్యేలా చెప్పానని మురిసిపోయాను.

గుమ్మం దగ్గర ఆగింది.
"అన్నీ చూసి, ఆఖర్న
తువ్వాలు చాటున వేళ్లు పట్టుకుని
ఒక్క రేటే చెబుతారు సారూ.
పదో తరగతిలో వీడికేం చెబుతారు?"

నా గురించి ఎవరైనా ఇలాంటి కాగితం రాస్తే
ఆ ప్రశ్న ఎదురుగా గడిలో
ఏ మాట పడుతుందో నాకు తెలుసు.

సంతకం బదులు ఆమె బొటనవేలి ఎరుపు
త్రిభుజాల మీద.
కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక
కళ్లు తుడుచుకోకూడదని మర్చిపోయాను.