చదరపు బ్రాకెట్లు

కలోచా మిరప మిల్లులో నవంబరు.
కీబోర్డు మీటల సందుల్లో కూడా ఎర్రపొడి.
కాటా కొత్తది. దాన్ని పలికించే నా క్లాసూ కొత్తదే.
పాతదల్లా ఆఫీసు మూలనున్న బూడిదరంగు పెట్టె,
అందులో కర్దోష్ ఓట్టో రాసిన బిల్లుల ప్రోగ్రాం.
ఆయన పోయి ఆరేళ్లు.
సోర్సు కోడు ఏ ఫ్లాపీతో పోయిందో.

దానికి కొత్త భాష రాదు. నేర్పే దారీ లేదు.
కాటాను అది నంబరుతో పిలుస్తుంది,
అంకెలూ అక్షరాలూ కలిపి ముప్పైరెండు,
ఒక్క గుక్కలో చదివితే ఊపిరి చాలదు.

అందుకే నా క్లాసు నెత్తిన
చదరపు బ్రాకెట్లు పెట్టాను.
ఒకదాంట్లో: బయటివాళ్లకి కనపడు.
ఇంకోదాంట్లో: పాత కాటాతోపాటు పోయిన
ఆ కాంపొనెంటు నంబరే ఇక నీది.
లోపల ఒక్క వాక్యమూ కదపలేదు.
నుదుటిరాత అంటారే,
కంపైలరు చదివేది అదే.

మొదటిసారి లేవనేలేదు.
పుట్టేముందు నా క్లాసు కాటా పేరు చెప్పమంటోంది;
పిలిచే ముసలిదాని దగ్గర
చెప్పడానికి ఏమీ లేదు.
సరే, వట్టి చేతులతో పుట్టడం నేర్పాను.

రెండోసారి
బరువెంత అని అడిగితే కాటా ఆగిపోయింది.
మళ్లీ అడిగితే మళ్లీ ఆగింది.

మొదలుపెట్టు, గంట కొట్టు, బరువు చెప్పు, ఆపు:
ఇదీ ఓట్టో వరస.
గంట ఊడిపోయి పదేళ్లయిందిగదా అని
ఆ మాట నేనే తీసేశాను.
పాతదానికి పేర్లు పట్టవు, మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగుతుంది,
చీకట్లో, అలవాటు కొద్దీ.
మూడో మెట్టు మీద బరువు లేదు,
'ఆపు' నిలబడి ఉంది.

"బస్తాకోసారి మోగేది," అన్నాడు లోరాండ్,
చేతులు ఏప్రానుకు తుడుచుకుంటూ.
"ఓట్టోకి సరిగా వినపడదు. అయినా ఆయనే పెట్టించాడు."

గంటను దాని మెట్టు మీదే తిరిగి పెట్టాను,
లోపల ఏమీ లేకుండా.
"చెంగె, పడింది!" కిందనుంచి కేక.
నలభై కిలోల మూడొందల గ్రాములు,
చుక్కల అచ్చులో, మసక సిరాతో.

ఇంటికెళ్లేముందు ఆ ఖాళీలో
ఒక్క లెక్క మాత్రం రాశాను, ఊరికే,
పిలుస్తోందా లేదా చూద్దామని.

మర్నాడు సాయంత్రానికి
గంట నాలుగొందల పన్నెండు సార్లు మోగింది.