కలిపిన రాశి

నా ఖాతాలో నలభై రెండు వేల మైళ్లున్నాయి.
పచ్చి పిక్కల కోసం అబిజాన్‌కీ కొచ్చికీ
పదకొండేళ్లు తిరిగి
నడుం పట్టేసిన మైళ్లు.

నలభై వేలకి ఇద్దరికి ఢిల్లీ, రానూపోనూ.
గ్రేడింగు బల్ల దగ్గర దాలమ్మకి మాటిచ్చాను,
చెల్లెల్ని కూడా తెచ్చుకో అన్నాను.
ఆధార్‌లో పేరు దిద్దించుకోడానికి
మూడుసార్లు మీసేవకి వెళ్లింది.
జీడినూనె తినేసిన వేళ్లకి
ముద్ర పడలేదు.

నాలుగోసారి పడింది.
ఆ వారమే రెండు విమాన కంపెనీలూ ఒకటయ్యాయి.

"మీ మైళ్లు భద్రం" అని మెసేజి.
నిజమే, ఒక్కటీ పోలేదు.
అదే విమానం, అదే కిటికీ,
ఇప్పుడు తొంభై వేలు,
అదీ మంగళవారం, అదీ సీటు మిగిలితే.

కాశీబుగ్గలో ముప్పై ఏళ్ల వ్యాపారం నాది.
గుండు పప్పు రాశిలో ముక్క కలిపితే
ధర ఎటు జారుతుందో
నాకొకరు చెప్పాలా?
నేనూ కలిపాను,
ఒకటి రెండు దీపావళులకి.

దాలమ్మకి చెప్పడానికి
టీ రెండుసార్లు తాగాను.
చేట ఆపకుండానే అడిగింది:
"మైలంటే దూరమే గదా బాబూ,
ఢిల్లీ గాని జరిగిపోనాదేటి?"

జరగలేదన్నాను.
"అయితే కుంచం మార్సీసినారు."

అంతే. మళ్లీ చెరగడం.
బద్దలొకవైపు, గుళ్లొకవైపు,
మధ్యలో పొట్టు లేచి
నా చొక్కా మీద వాలింది.

బుకింగుకని ఇచ్చిన కార్డు
నా సొరుగులోనే ఉంది.
తిరిగిమ్మని
ఇంకా అడగలేదు.