పలచన

సాయంత్రం ఆరుకి పంపు వేస్తే
తెల్లారేదాకా దాని గురకే.
కరెంటు పోతే మళ్లీ మొదటికి.
అనంతపురంలో ఏప్రిల్. బయట గాలి
కిటికీ రెక్కల్ని పట్టుకుని కొడుతుంటే
లోపల స్టీలు డబ్బాలోంచి
ఉన్న గాలిని తీసేయడం నా పని.

డబ్బాకు చిల్లుందని మీటరు చెబితే
అటెండరు మద్దిలేటి నవ్వుతాడు.
ఆదోనిలో పదేండ్లు పంచర్లేసిన చేతులు.
"నీళ్ల తొట్టిలో ముంచుదామా మేడం?"
ముంచలేం. బయట హీలియం చల్లి వెతుకుతాం.
పగులు ఎంత సన్ననిదైనా
ముందు దూరేది అదే.

ఈ రాత్రి రెండూ సగం సగం పోశాను.
హీలియం బరువు నాలుగు, ఆర్గాన్‌ది నలభై.
వెంట్రుకంత గొట్టం, అవతల శూన్యం.
"తూర్పారబట్టినట్టేలే, పొట్టు పోయి గింజ నిలుస్తాది."
కాదన్నా, అక్కడ గాలి మోసుకుపోతుంది.
ఇక్కడ మోసే గాలే లేదు.

చివరికి ఆదోని బస్సు చెప్పాను.
సంతరోజు మూటల పెద్దమ్మ, బక్కపిల్లోడు
ఒకే వేగంతో దిగుతారు,
తోపులాట ఎవరినీ విడిగా నడవనీదు.
అదే బస్సులో ఐదుగురే ఉంటే
పిల్లోడు అప్పుడే బొరుగులంగడి కాడ,
పెద్దమ్మ ఇంకా మెట్టు మీదే.

మద్దిలేటి చాలాసేపు ఊరకున్నాడు.
"అయితే ఆయమ్మ మూట ఎవురు దించుతారు?"

నా నోట్సులో దానికి సమీకరణం లేదు.

ఐదుగురం చేరాం ఈ గదిలో.
ఒకే బల్ల, మోచేతులు తగిలి కాగితాల మీద సిరా గీతలు.
స్కాలర్‌షిప్ ఎనిమిది నెలలు ఆగింది.
ముందు నసీమా, బ్యాంకుకి.
ఓబులేసు కదిరిలో బడిపంతులు.
కుళ్లాయప్ప పెనుకొండ దగ్గర కార్ల కంపెనీలో.
తిరుమలేశు చెప్పకుండానే మానేశాడు,
వాడి టిఫిన్ డబ్బా ఇంకా బీరువా మీదుంది,
ఎవరం తెరవలేదు.

పలచబడ్డ చోట అణువులు
ఒకదానికొకటి తగలవు, గోడలకే తగులుతాయి.
థీసిస్ రెండో అధ్యాయంలో
ఆ వాక్యం రాసింది నేనే.
అప్పుడు గది నిండా మాటలు.

మూడూ నలభైకి రీడింగు తీశాను:
డబ్బాలో మిగిలింది తొంభై వంతులు ఆర్గానే.
సరిగ్గా రావాల్సినట్టే వచ్చింది.
సంతోషం చెప్పుకోవడానికి వెనక్కి తిరిగాను.
బల్ల.

నాలుగున్నరకి కరెంటు పోయింది.
పంపు గురక ఆగితే గోడలు దగ్గరకొచ్చినట్టనిపించింది.
"ఖాళీ సిలిండరు కిందికి చేరుద్దాం,
ఆ పక్క పట్టుకో మేడం" అన్నాడు.
చీకట్లో ఇరుకు మెట్లు.
భుజాలు మూడుసార్లు తగిలాయి.
"మెల్లగా, మెల్లగా" అంటూ
ఇద్దరం ఒకే వేగంతో దిగాం.