ఎత్తుపండ్లు

గుంతకల్లు టేసన్లో, నీళ్ల కొళాయి పక్క గోడకి
ఒగనాడు పొద్దున్నే జపానోడు వెలిసినాడు.
బంక ఇంకా ఆరలేదు.
గుండ్రటి కండ్లద్దాలు, పసుపు పూసిన మొగము,
పెదివి దాటొచ్చిన పండ్లు, ఒక్కోటి గునపమంత.
చేతిలో కత్తి. కత్తి కింద మన ఊరు లాంటి ఊరు.

రైలు కోసం నిలబడిన జనం
వాణ్ణి చూసిరి, నన్ను చూసిరి,
మళ్లా వాణ్ణి చూసిరి.
నాకప్పుడు పదకొండేండ్లు.
పాలపండ్లు ఊడినాక
వచ్చినవన్నీ ముందుకే వచ్చె.
మా నాయన పాయింట్సుమను, పట్టాలు కలిపేటోడు,
నా పండ్లు మాత్రం కలపలేకపాయె.
ఆ పొద్దుతో తిప్పేసు అనే పేరు పాయె.
"రేయ్ జపానూ" అంటే పలకడం నేర్చుకుంటి.
యుద్ధం యాడో జరుగుతుండె,
బడి కాడ మాత్రం నా మీద దినామూ గెలుస్తుండిరి.

మా యమ్మ ఒగ రాత్రి తడిగుడ్డ తీసుకపోయి
గోడ మింద వాని పండ్లు తుడవబోయె.
అచ్చు రంగు. పోలేదు.

ఇంకో బొమ్మ ఉండె, టికెట్ల కిటికీ పైన.
మన సిపాయిలంట, ఐదుగురు, వరసగా.
తలపాగా చుట్టినోడు, మీసం మెలేసినోడు,
వంకర టోపీ పెట్టినోడు,
అందరూ ఎర్రగా, అందరూ ఆరడుగులు.
వన్నూరప్ప దాని కింద చానాసేపు నిలబడె.
చింతపిక్క మాదిరి మనిషి.
పోయినేడు బుడ్డలచేను ఎండిపోతే
ఈ ఏడు తానే ఎండినోడు.
"వీండ్లల్లో మనోడు ఎవడురా?" అనె.
నేను చదువుకున్నోణ్ణి కదా, కింద రాసింది చదివితి:
"మనమంతా ఒక్కటే."
"అట్లయితే సరే" అని బళ్లారి బండెక్కె.

మూడేండ్లకు దిగె, అదే ప్లాట్‌ఫారం మింద.
ఎడమచెవి వినపడదు. ట్రంకుపెట్టె, మిలట్రీ దుప్పటి.
నేనప్పటికి సైకిళ్లకు పంచర్లు ఏస్తుంటి.
పెట్టె అడుగు నించి మడత కాయితం తీసె.
బర్మా అడివిలో విమానం రాల్చిందంట, జపానోండ్లది.
అందులోనూ బొమ్మే.
లావుపాటి తెల్లదొర, చేతిలో చర్నాకోల,
వాని బూటు కింద మనోడు:
గోచి, సంకెళ్లు, ఎముకలు లెక్కబెట్టొచ్చు, కండ్లనిండా నీళ్లు.
"ఇది నేనంట" అని నవ్వె.
"టేసన్లో ఆరడుగులు గీసిరి, అడివిలో అడుగున్నర గీసిరి.
రెండు దిక్కులా కూలికి గీసినోండ్లే.
ఒక్కడూ నన్ను కూచోబెట్టి చూసినోడు కాదు."

అడగాలా వద్దా అనుకుంటానే అడిగితి:
"వాండ్లకు నిజంగా ఇట్లాంటి పండ్లేనా?"
వన్నూరప్ప చానాసేపు టైరు దిక్కు చూసె.
"దగ్గర్నించి చూసింది ఒగణ్ణే. నోరు మూసుకోనుండె.
తెరిచి చూసే పని నాది కాదు" అనె.
మళ్లెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఎండాకాలం. గిరాకీ లేదు.
నా సుద్దముక్క తీసుకోని షాపు తలుపు మింద
తన మొగం తానే గీసుకోబాయె.
ముక్కు కుదిరె. వినపడని చెవి చాటంత వచ్చె,
వినపడే చెవి యాడ పెట్టాల్నో మరిచిపాయె.
నోటి కాడికొచ్చి ఆగె.
నా దిక్కు తిరిగి,
"ఓరి తిప్పేసూ, ఒగసారి ఇకిలించు,
నీ పండ్లు పెడతా" అనె.

ఇంట్లో తప్ప ఆ పేరు విని మూడేండ్లాయె.
పండ్లన్నీ బయటపెట్టి నిలబడితి,
మెడ పట్టేసేదాకా.

వాన పడేదాకా ఉండె ఆ బొమ్మ.
మా సీమ వాన కదా,
చానా దినాలే ఉండె.