సున్నా పక్కన

మేఘాద్రిగెడ్డ ఉత్తరపు ఒడ్డున
నా మొదటి లెక్క పెన్సిల్‌తో రాసింది.
పెన్నయితే మంచుకి అలుక్కుపోతుందని
తెలిసి కాదు,
పెన్ను హాస్టల్లో మరిచిపోయాను.

ఆ పుస్తకానికి ముప్పై మూడేళ్ళు.
ఒక పేజీకి జెలగ ఎండి అంటుకుపోయింది.
నామాల కోళ్ళు నాలుగొందల పన్నెండు,
చిలువలు లెక్కకు అందలేదు,
నత్తగుళ్ళ కొంగలు పదకొండు, ఒకటి కుంటిది.
కుంటిదని ఎందుకు రాశానో,
ఏ పట్టికలోనూ దానికి గడి లేదు.

నీటి పక్షులు సులువు.
నీళ్ళే అద్దం పట్టి చూపిస్తాయి.
కష్టమంతా గడ్డిది.
అడంగల్లో గడ్డినేల అని ఉండదు, బంజరు అని ఉంటుంది.
ఏమీ లేని చోటు అన్నమాట.
ఆ ఏమీ లేని చోట
గేదె గిట్ట పడిన గుంటంత జాగాలో
భరతపక్షి మూడు గుడ్లు పెట్టుకుని
ఆకాశంలోకి నిలువునా ఎక్కి పాడుతుంటే,
కింద గొలుసు లాగుతున్న సర్వేయరు
టోపీ సర్దుకుని
"ఎండ చంపేస్తోంది మేడం" అన్నాడు.

గేదెలు కాసే పైడమ్మ నా తప్పులు దిద్దింది.
గడ్డి దుబ్బుల మీంచి ఎగిరెగిరి పడే
బొటనవేలంత పిట్టను నేను లాటిన్‌లో పిలిచేదాన్ని.
"కత్తెర పిట్టమ్మా అది.
ఇనవేటి? టైలరు గుడ్డ కత్తిరించినట్టు లేదూ?"
విన్నాను.
చిక్. చిక్. చిక్.
ఎగిరిన ప్రతిసారీ గాలిలో ఒక పీలిక
కత్తిరించి పడేస్తోంది.
ఆ రోజునుంచీ వాటిని చూడకుండానే లెక్కపెట్టాను,
కళ్ళు మూసుకుని, వేళ్ళు మడుస్తూ.

ఒకసారి మందుల కంపెనీవాళ్ళు రిపోర్టు తెచ్చారు.
"చెప్పుకోదగ్గ పక్షులు లేవు" అన్న వాక్యం కింద
నా సంతకానికి చుక్కల గీత.
వాళ్ళు సర్వే చేసింది మే నెల మిట్టమధ్యాహ్నం.
నేను పెట్టలేదు.
దానివల్ల ఆగిందేమీ లేదు,
ఇంకెవరి పెన్నో పనిచేసింది.
నా వీడ్కోలు సభలో ఈ మాట ఎవరూ ఎత్తలేదు.
శాలువా మాత్రం బాగుంది.

తర్వాత అంకెలు దిగాయి.
కత్తెర పిట్టలు పంతొమ్మిది, పద్నాలుగు, తొమ్మిది,
కిందటేడు రెండు.
ఈ జూలైకి సున్నా.
వానలు సరిగ్గానే పడ్డాయి, గడ్డి నడుం దాకా ఉంది.
గీత దిగితే కారణం రాయాలి కదా,
లేఅవుట్లు, పాతిన రాళ్ళు, కుక్కలు
అని రాశాను కూడా.

ఆ ఆదివారం పైడమ్మ మనవరాలు నూకరత్నం
గేదెల వెనక వచ్చి నా పక్కన నిలబడింది.
"ఏటి రాసుకుంతన్నావు?"
కత్తెర పిట్టలు లేవని.
మొండికేసిన గేదెను చూసినట్టు చూసింది,
జాలీ విసుగూ కలిపి.
"అదిగో ఒకటి. ఆ తుప్ప మీద ఇంకోటి.
గట్టుకాడ మూడోది కత్తిరిస్తంది.
ఇనబడ్డం లేదేటి?"

దిగుతున్న విమానం మోత వినబడింది.
గేదె గడ్డి పీకుతున్న చప్పుడు వినబడింది.
ఆ పైన ఏమీ లేదు.

గోపాలపట్నంలో చెవుల డాక్టరు గ్రాఫు గీసి ఇచ్చాడు.
కుడికొసకి వచ్చేసరికి
అచ్చం నా పిట్టల గీతలా దిగింది.
సన్న శబ్దాలు ముందు పోతాయి మేడం, అన్నాడు.
ఎప్పట్నుంచి?
ఐదేళ్ళు కావచ్చు, పదేళ్ళు కావచ్చు.

ఈ పదేళ్ళలో ఎంత తరుగు గడ్డిది,
ఎంత నాది?
లేఅవుట్లు అబద్ధం కాదు.
రాళ్ళున్నాయి, వెళ్ళి తన్నుకోవచ్చు.
కానీ నా అంకెలు అచ్చయిపోయాయి.
పత్రిక సంపాదకుడికి ఉత్తరం మొదలుపెట్టాను,
"నా చెవుల విషయమై" అని.
ఆ మాట దగ్గరే రెండు రోజులు.

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరం వెళ్తాం.
పిల్ల వింటుంది, నేను రాస్తాను.
గంటకి యాభై రూపాయలు,
సగంసేపు బైనాక్యులర్ తన మెడలో.
బేరం గట్టిగానే ఆడింది.

నిన్నటి పేజీ:
ఆరుంబావు. మబ్బు. నైరుతి గాలి.
కత్తెర పిట్టలు సున్నా, కొట్టేసి,
పక్కన మూడు.
ఆ పక్కన ఇన్నాళ్ళూ లేని గడి ఒకటి
స్కేలు లేకుండా గీసి,
విన్నవారు: నూకరత్నం, ఆరో తరగతి.